మన మీద కేసులు దొరుకుతాయి, మన కేసులు దొరకవు

పూజ సెలవులకి తాల్‌బగీచాలోని మా ఇంటికి వెళ్లినప్పుడు పక్క వీధి కుర్రాడొకడు చేతిలో ఫారం పట్టుకుని వచ్చాడు. ఉద్యోగానికి ఎంపికయ్యాడు. చేరే ముందు నింపి ఇవ్వాల్సిన అటెస్టేషన్ ఫారం అది. పేరు, ఊరు, చదువు అన్నీ నింపేసి ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. “మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా? మీ మీద ఏ కోర్టులోనైనా కేసు ఉందా? ఉంటే వివరాలు రాయండి.”

“అక్కా, నా మీద కేసుందో లేదో ఎలాగ తెలుస్తాది?” అని అడిగాడు.

కొన్నేళ్ల కిందట పట్టాల పక్క దారిలో ఇద్దరు స్నేహితులతో వెళ్తుంటే వాణ్ణి ఆపి తీసుకెళ్లారు. తుక్కు ఇనుము గురించి అడిగారు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని వదిలేశారు. వాడి చేతికి మాత్రం ఏ కాగితమూ ఇవ్వలేదు. తీసుకెళ్లింది ఎవర్రా అంటే “ఖాకీ బట్టలోళ్లు” అన్నాడు. అంతకు మించి వాడికి తెలియదు.

ఇప్పుడు ఫారంలో “లేదు” అని రాస్తే, రేపు కేసు బయటపడినప్పుడు నిజం దాచాడని ఉద్యోగం తీసేయొచ్చు. “ఉంది” అని రాస్తే కేసు నంబరు, సెక్షన్లు, కోర్టు పేరు రాయాలి. అవేవీ వాడి దగ్గర లేవు. 2016 జూలైలో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న నేరాల విషయంలో, వయసులో తెలియక చేసిన వాటి విషయంలో యజమాని విచక్షణ చూపొచ్చని చెప్పింది. ఫారంలో నిజమే రాయాలన్న షరతును మాత్రం అలాగే ఉంచింది. నిజం రాయాలంటే ముందు నిజం తెలియాలి కదా!

నా పీహెచ్‌డీ కోర్టు రికార్డుల మీదే. అందుకే వాడు నా దగ్గరికి వచ్చాడు. ఇద్దరం కూర్చుని వెతికితే రెండు రోజుల్లో దొరికింది. ఆ రెండు రోజులూ నా బుర్రలో మరో ప్రశ్న తిరుగుతూనే ఉంది. బస్తీ కుర్రాడి మీద పెట్టిన కేసు రెండు రోజుల్లో దొరికితే, బస్తీ మనిషిని కులం పేరుతో తిట్టి కొట్టినవాడి మీద పెట్టిన కేసు ఎన్ని రోజుల్లో దొరుకుతుంది? ఈ జిల్లాలో అలాంటివి ఎన్ని ఉన్నాయి, ఎన్ని ఛార్జిషీటు దాకా వెళ్లాయి, ఎన్ని మధ్యలోనే మూసేశారు అని అడిగితే, ఎవరి దగ్గరికి వెళ్లి ఏ బటన్ నొక్కాలి?

ఈ రెండు వెతుకులాటల మధ్య తేడా గురించే ఈ వ్యాసం.

ముందు వెతకడం నేర్చుకుందాం

అమెరికాలో నేర రికార్డు కావాలంటే సాధారణంగా కౌంటీ కోర్టు క్లర్కు కార్యాలయానికి వెళ్తారు. మన దగ్గర కౌంటీకి దగ్గరగా ఉండేది జిల్లా. అయితే జిల్లా మొత్తానికి రికార్డు ఇచ్చే ఒక్క కిటికీ మనకు లేదు. పోలీసు స్టేషన్‌లో ఒక ముక్క, కోర్టులో ఒక ముక్క, కలెక్టరేట్‌లో ఒక ముక్క ఉంటాయి. మూడూ కలుపుకోవాల్సింది మనమే.

ఖరగ్‌పూర్ లాంటి రైల్వే పట్టణంలో మొదట తేల్చుకోవాల్సింది ఏ ఖాకీ అన్నది. ఊరి వీధుల్లో జరిగినవి రాష్ట్ర పోలీసుల టౌన్ స్టేషన్‌కో, లోకల్ స్టేషన్‌కో వెళ్తాయి. ప్లాట్‌ఫారం మీద, రైల్లో జరిగినవి గవర్నమెంట్ రైల్వే పోలీసులకు వెళ్తాయి. వాళ్లూ రాష్ట్ర పోలీసులే గానీ జిల్లా ఎస్పీ కింద ఉండరు, వాళ్లకు వేరే ఎస్పీ ఉంటారు. మూడో ఖాకీ ఆర్‌పీఎఫ్, కేంద్రానిది. రైల్వే ఆస్తి దొంగతనం అంటే 1966 నాటి రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం కింద వీళ్లే విచారించి నేరుగా మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు వేస్తారు. అలాంటి కేసుకు ఎఫ్‌ఐఆర్ నంబరే ఉండదు. పోలీసు వెబ్‌సైటులో ఎన్నాళ్లు వెతికినా కనిపించదు. తుక్కు ఇనుము పేరుతో పట్టుబడిన బస్తీ పిల్లలు తమ మీద కేసే లేదనుకోవడానికి ఇదొక కారణం.

ఎఫ్‌ఐఆర్ ఉన్న కేసు అయితే దారి కొంత సులువు. 2016 సెప్టెంబర్ 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు, ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని ఆదేశించింది. ఇంటర్నెట్ ఇబ్బందులుంటే 72 గంటల దాకా గడువు ఉంది. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది, కానీ ఆ నిర్ణయం డీఎస్పీ స్థాయికి తక్కువ కాని అధికారి తీసుకోవాలి. నిందితుడు అడిగితే 24 గంటల్లో నకలు ఇవ్వాలని కూడా అదే తీర్పులో ఉంది. ఫిర్యాదు చేసిన మనిషికి నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టం మొదటి నుంచీ చెబుతోంది. ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 173వ సెక్షన్.

తర్వాతిది కోర్టు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకున్నాక పేరుతో వెతకొచ్చు, ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషన్ పేరుతో వెతకొచ్చు, చట్టం పేరుతో వెతకొచ్చు. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. అది ఒక్కటి తెలిస్తే మిగతావేవీ అక్కర్లేదు. పేరుతో వెతికేటప్పుడు సంవత్సరం కూడా ఇవ్వాలి. కాబట్టి ఏ ఏడాదో తెలియకపోతే అటూ ఇటూ నాలుగైదేళ్లు వెతకాలి. నడుస్తున్నవి, ముగిసినవి రెండూ చూడాలి.

బెంగాల్‌లోని తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. బంగ్లాలో ‘వ’ లేదు, ‘బ’ ఉంది. వెంకటేశు బెంకటేశ్ అవుతాడు, వాసు బాసు అవుతాడు. ఇంటిపేరు చివరికి పోతుంది, లేదా పూర్తిగా ఎగిరిపోతుంది. మా కుర్రాడి పేరు నాలుగు రకాలుగా కొట్టాక ఐదో రకంలో దొరికింది. అది వాడే అని తండ్రి పేరును బట్టి నిర్ధారించుకున్నాం. ఒకే పేరున్న వేరేవాడి కేసును మన నెత్తిన వేసుకోకుండా ఉండాలంటే తండ్రి పేరు, వయసు, చిరునామా మూడూ సరిపోల్చాల్సిందే.

జిల్లాల విభజనను కూడా గుర్తుపెట్టుకోవాలి. పాత మేదినీపూర్ జిల్లా 2002 జనవరి 1న రెండుగా విడిపోయింది. 2017లో ఝార్‌గ్రామ్ విడిగా జిల్లా అయింది. కాబట్టి పాత కేసుల లెక్కలు వెతికే పరిశోధకులు ఏ ఏడాదికి ఏ జిల్లా సరిహద్దో ముందే రాసి పెట్టుకోవాలి. 2022లో జిల్లాలు మారిన ఆంధ్రప్రదేశ్‌కూ, 2016 నుంచి మారుతూ వచ్చిన తెలంగాణకూ ఇదే వర్తిస్తుంది.

తెర మీద కనిపించేది సమాచారమే. ఉద్యోగానికో అప్పీలుకో చూపించాలంటే సర్టిఫైడ్ కాపీ కావాలి. దానికి కోర్టు నకళ్ల విభాగంలో అర్జీ పెట్టాలి. కేసులో పక్షం కాని వాళ్లు, అంటే మన లాంటి పరిశోధకులు, ఎందుకు కావాలో కారణం చూపించాలి. కోర్టు ఫైళ్ల నకళ్లను సమాచార హక్కు చట్టం కింద కాకుండా హైకోర్టు నిబంధనల కింద అడగాలని 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఛార్జిషీటు సంగతి వేరు. అది అందరికీ ఇవ్వాల్సిన పబ్లిక్ దస్తావేజు కాదని, వెబ్‌సైటులో పెట్టనక్కర్లేదని 2023 జనవరిలో సౌరవ్ దాస్ కేసులో చెప్పింది. అంటే ఆరోపణ అందరికీ కనిపిస్తుంది, దానికి పోలీసులు చూపించిన ఆధారం కనిపించదు.

ఇక ఎమ్మెల్యే, ఎంపీ అభ్యర్థుల నేర రికార్డు అన్నిటికంటే తేలికగా దొరుకుతుంది. 2002 నాటి సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా అని నామినేషన్‌తో పాటు ఇచ్చే 26వ నంబరు అఫిడవిట్‌లో ఎఫ్‌ఐఆర్, స్టేషన్, కోర్టు, కేసు నంబరు అన్నీ ఉంటాయి. వెతకడం నేర్చుకునే విద్యార్థి అక్కడ మొదలుపెట్టడం మంచిది. మీ నియోజకవర్గం అభ్యర్థి అఫిడవిట్‌లోని నంబర్లు తీసుకుని ఈ-కోర్ట్స్‌లో ఆ కేసు ఎక్కడుందో చూడండి. ఒక్క పూటలో పద్ధతి వచ్చేస్తుంది.

బాధితుడి పేరుతో వెతికితే?

ఇప్పుడు రెండో వెతుకులాటకు వద్దాం. క్రిమినల్ కేసులో ఒక పక్షం ప్రభుత్వం, రెండో పక్షం నిందితుడు. బాధితుడు పక్షమే కాదు, సాక్షి మాత్రమే. అందువల్ల పేరు కొడితే దొరికేది నిందితుడి పేరే. తుక్కు ఇనుము కేసులో మన కుర్రాడు నిందితుడు కాబట్టి వాడు దొరికాడు. అదే కుర్రాణ్ణి ఎవరైనా కులం పేరుతో అవమానించి ఉంటే, వాడి పేరుతో వెతికినా ఆ కేసు దొరుకుతుందన్న నమ్మకం లేదు. బాధితుల పేర్లు బయట పెట్టకపోవడానికి చాలా సందర్భాల్లో న్యాయమైన కారణాలే ఉన్నాయి. కానీ పేర్లు లేకుండా కేసు సంఖ్య, తేదీ, స్టేషన్, దశ చెప్పడానికి అడ్డేముంది?

చట్టం పేరుతో వెతుకుదామంటే ఒకే చట్టం ఒక్కో కోర్టు జాబితాలో ఒక్కోలా ఎక్కి ఉంటుంది. ఒకచోట పూర్తి పేరు, ఒకచోట పొడి అక్షరాలు, ఒకచోట 1989, ఒకచోట సవరణ సంవత్సరం. కొన్నిచోట్ల ఐపీసీ సెక్షన్లు మాత్రమే ఎక్కించి ప్రత్యేక చట్టం పేరు వదిలేస్తారు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం మీద పనిచేసే వాళ్లు ఒక్క పేరుతో వెతికి “ఇన్నే కేసులు” అని రాస్తే అది తప్పు లెక్క అవుతుంది.

నిజానికి ఈ చట్టం కింద రికార్డు లేకపోవడానికి వీల్లేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. ఎఫ్‌ఐఆర్ నుంచి 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. 1995 నిబంధనల్లో 4(4) ప్రకారం కేసుల సమీక్ష మీద నెలనెలా నివేదిక వెళ్లాలి. 17వ నిబంధన ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు అధ్యక్షతన నిఘా, పర్యవేక్షణ కమిటీ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. 16వ నిబంధన ప్రకారం ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర కమిటీ జనవరిలో, జూలైలో కూర్చోవాలి. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన 15ఎ సెక్షన్ బాధితులకు ప్రతి వాయిదా సమాచారం తెలుసుకునే హక్కు, బెయిలు విచారణలో తమ మాట వినిపించుకునే హక్కు ఇచ్చింది. కోర్టు కార్యకలాపాలను వీడియో తీయాలంది. బాధితులకు నోటీసు ఇవ్వడం తప్పనిసరి అని 2021 అక్టోబర్‌లో హరిరామ్ భంభీ కేసులో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది.

ఇన్ని కాగితాలు పుట్టాలని చట్టం చెబుతున్నప్పుడు, అవి జిల్లా వెబ్‌సైటులో ఒక పేజీగా ఎందుకు కనిపించవు? టెండర్లు కనిపిస్తాయి, వేలంపాటలు కనిపిస్తాయి, అత్యాచారాల కమిటీ సమావేశం మినిట్స్ మాత్రం ఆర్టీఐ వేసి అడిగి తెచ్చుకోవాలి.

కాగితం కనిపించకపోతే ఏం జరుగుతుందో హైదరాబాద్ చూపించింది. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక గచ్చిబౌలి స్టేషన్‌లో ఇదే చట్టం కింద కేసు నమోదైంది. దేశమంతా రోడ్డెక్కిన కేసు అది. 2024 మే మొదటి వారంలో, ఎనిమిదేళ్ల తర్వాత, పోలీసుల ముగింపు నివేదిక బయటికొచ్చింది. రోహిత్ ఎస్సీ కాదని, తన అసలు కులం బయటపడుతుందన్న భయంతో చనిపోయి ఉండొచ్చని అందులో రాసి ఉంది. ఆందోళన చెలరేగాక మళ్లీ దర్యాప్తు చేస్తామని తెలంగాణ డీజీపీ ప్రకటించారు. కేసు మూసేసే ముందు ఫిర్యాదుదారుకు నోటీసు ఇచ్చి వారి అభ్యంతరం వినాలని 1985 నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. ఇంత పేరున్న కేసులోనే కుటుంబం వీధిలోకొచ్చి అడగాల్సి వస్తే, పేరులేని బస్తీ మనిషి కేసు ఎప్పుడు మూతపడిందో ఎవరికి తెలుస్తుంది?

తక్కువ సంఖ్య అంటే తక్కువ నేరం కాదు

బెంగాల్ భద్రలోకులు తరచూ ఒక మాట అంటుంటారు: “మా దగ్గర కులం లేదు.” దానికి ఆధారంగా జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు చూపిస్తారు. 2018, 2019, 2020 సంవత్సరాల్లో ఏ ఏడాదీ పశ్చిమ బెంగాల్‌లో ఎస్సీల మీద నేరాల కేసులు 150 దాటలేదు. అవే ఏళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో ఏటా సుమారు రెండు వేలు. 2011 జనాభా లెక్కల ప్రకారం బెంగాల్‌లో ఎస్సీలు 2 కోట్ల 14 లక్షలు, రాష్ట్ర జనాభాలో 23.5 శాతం. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల సంఖ్య అందులో సగం కూడా ఉండదు.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. బెంగాల్‌లో నేరం లేదని ఒకటి, బెంగాల్‌లో నమోదు లేదని ఒకటి. ఏది నిజమో రాష్ట్ర స్థాయి అంకె చెప్పదు. జిల్లా రికార్డే చెప్పాలి. ఏ స్టేషన్‌కు ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని ఎఫ్‌ఐఆర్ అయ్యాయి, ఎన్నింటికి ఈ చట్టం సెక్షన్లు పెట్టారు, ఎన్నింట్లో తర్వాత తీసేశారు అన్నవి బయటికొస్తేనే ఆ చర్చ ముందుకు సాగుతుంది. ఆంధ్రలో అంకె పెద్దగా ఉండటానికి కారంచేడు, చుండూరు తర్వాత నడిచిన ఉద్యమాలు కూడా కారణం. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపేశాక చుండూరు దళితులు పట్టుబట్టి తమ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు కొట్టేసింది. అంతిమ ఫలితం చేదుగానే ఉంది. అయినా కేసు ఎక్కడికి చేరిందో తెలియని స్థితి ఆ ఊరికి రాలేదు, ఎందుకంటే విచారణ వాళ్ల కళ్లముందే జరిగింది.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు ఇంకో పొర ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మాల, మాదిగ, రెల్లి కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. బెంగాల్ ఎస్సీ జాబితాలో ఈ కులాల పేర్లు లేవు. ఒక రాష్ట్రం ఎస్సీ హోదా మరో రాష్ట్రంలో రిజర్వేషన్‌కు పనికిరాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి రక్షణ మాటేమిటి? ఊరు మారితే తిట్టు మారదు కదా. 2023 డిసెంబర్‌లో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్, స్వరాష్ట్రంలో ఎస్సీ అయిన మనిషికి దేశంలో ఎక్కడున్నా అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ ఉంటుందని తీర్పు ఇచ్చింది. చాలా విలువైన తీర్పు. బెంగాల్‌లోని తెలుగు దళితులు ఈ చట్టం కింద పెట్టిన ఫిర్యాదులను ఎలా నమోదు చేస్తున్నారో చూస్తేనే ఈ తీర్పు వెలుగు ఇక్కడిదాకా వచ్చిందో లేదో తెలుస్తుంది. ఆ లెక్క తీయగలిగింది మనమే.

అన్నీ తెరిచేయాలా?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. రికార్డులన్నీ తెరిచేయమంటే మొదట దెబ్బతినేది ఎవరు? అమెరికాలో రికార్డులు బాగా తెరిచే ఉంటాయి. అక్కడ డీవా పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త మిల్వాకీ నగరంలో చేసి 2003లో ప్రచురించిన అధ్యయనం చూడండి. ఒకే అర్హతలతో యువకులను ఉద్యోగ దరఖాస్తులకు పంపించారు. నేర రికార్డు లేని తెల్లవారిలో 34 శాతానికి తిరిగి పిలుపు వచ్చింది, రికార్డు ఉందని చెప్పిన తెల్లవారిలో 17 శాతానికి వచ్చింది. రికార్డు లేని నల్లవారిలో 14 శాతానికి, ఉందని చెప్పిన నల్లవారిలో 5 శాతానికి వచ్చింది. అంటే ఏ నేరమూ చేయని నల్లవాడి కంటే జైలుకెళ్లొచ్చిన తెల్లవాడికే ఎక్కువ పిలుపులు. నల్లవాడికి ఒంటి రంగే నేర రికార్డు అయింది.

మనకు ఇది కొత్త కాదు. 1871 నేరస్థ జాతుల చట్టం మనిషి పుట్టకముందే వాడి రికార్డు రాసింది. స్టువార్టుపురం ఎరుకలవాళ్లకు, మేదినీపూర్ లోధా శబరులకు ఆ ముద్ర పడింది. 1952లో చట్టం పోయింది, ముద్ర పోలేదు. లోధాల్లో డిగ్రీ చదివిన మొదటి మహిళ చూనీ కోటాల్, విద్యాసాగర్ విశ్వవిద్యాలయంలో ఎంఎస్సీ ఆంత్రోపాలజీ చదువుతూ, నేరస్థ జాతి దానివంటూ తనను అవమానిస్తున్నారని ఫిర్యాదు చేసింది. 1992 ఆగస్టు 16న ఖరగ్‌పూర్‌లోనే ఆమె ప్రాణం తీసుకుంది. రోహిత్ కంటే ఇరవై మూడేళ్లకు పైగా ముందు, మా బస్తీకి కూతవేటు దూరంలో. ఆమె మీద ఏ కేసూ లేదు. కులమే ఆమె కేసు ఫైలు.

తెలుగు రాష్ట్రాల్లో రౌడీ షీటు, సస్పెక్టు షీటు అన్న మాటలు దళిత వాడల్లో పిల్లలకు కూడా తెలుసు. బడుగు నేపథ్యం నుంచి వచ్చారన్న ఒక్క కారణంతో అమాయకుల పేర్లను యాంత్రికంగా హిస్టరీ షీట్లలో ఎక్కించొద్దని, ఈ విషయంలో ఢిల్లీ మార్పులను అన్ని రాష్ట్రాలూ పరిశీలించాలని 2024 మేలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది అక్టోబర్ 3న సుకన్య శాంత కేసులో జైలు రిజిస్టర్లలోని కులం గడిని తీసేయమంది. పాకీ పనికి ఫలానా కులాల వాళ్లనే తీసుకోవాలని రాసి ఉన్న జైలు మాన్యువళ్లలో బెంగాల్‌ది కూడా ఒకటి.

కాబట్టి నేను చెప్పేది ఇది. వ్యవస్థ ఏం చేసిందన్నది తెరవాలి. వ్యక్తి గతం ఏమిటన్నది కాపాడాలి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులుగా ఉంది. కేసు కొట్టేసిన కుర్రాడి పేరు ఏళ్ల తరబడి తెర మీద ఉంటుంది. కేసు మూసేసిన అధికారి పెట్టిన కారణం మాత్రం ఎవరికీ కనిపించదు. పైగా 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 44(3) సెక్షన్, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చింది. ఇంతకు ముందు ప్రజా కార్యకలాపంతో సంబంధం ఉందా, ప్రజా ప్రయోజనం ఉందా అని చూడాల్సి ఉండేది. ఇప్పుడు “వ్యక్తిగత సమాచారం” అన్న ఒక్క మాట మిగిలింది. ఈ మాట చాటున కుర్రాడి గోప్యతకు రక్షణ దొరుకుతుందో లేదో గానీ, అధికారి ఫైలుకు మాత్రం గట్టి తాళం దొరికింది. ప్రజా ప్రయోజనం పెద్దదైతే ఇవ్వాలనే 8(2) ఇంకా ఉంది. దరఖాస్తుల్లో ఇకనుంచి దాన్నే ముందు పెట్టి రాయాలి.

విశ్వవిద్యాలయాల్లో మనం చేయగలిగింది

బాబాసాహెబ్ ‘కుల నిర్మూలన’లో వాదన మొదలుపెట్టింది సిద్ధాంతంతో కాదు. ఏ ఊళ్లో, ఎప్పుడు, ఎవరు, ఎవరిని ఏం చేశారో పత్రికల్లో వచ్చిన ఘటనలు వరసగా పెట్టాడు. తేదీ, ఊరు, సంఘటన. రికార్డు సేకరించడం ఉద్యమం తర్వాత చేసే పని కాదని, ఉద్యమంలోనే మొదటి పని అని ఆయన్ని చదివిన వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ప్రతి క్యాంపస్‌లో మన విద్యార్థి సంఘాలున్నాయి. ఒక్కో బృందం తన సొంత జిల్లాను తీసుకోవచ్చు. 10 రూపాయల ఆర్టీఐ దరఖాస్తులో నాలుగు ప్రశ్నలు చాలు. ఒకటి, గత ఐదేళ్లలో స్టేషన్ల వారీగా ఈ చట్టం కింద నమోదైన ఎఫ్‌ఐఆర్‌ల నంబర్లు, తేదీలు, సెక్షన్లు. రెండు, ప్రతిదాంట్లో ఛార్జిషీటు లేదా ముగింపు నివేదిక వేసిన తేదీ. మూడు, 17వ నిబంధన కమిటీ సమావేశాల తేదీలు, మినిట్స్. నాలుగు, 12(4) నిబంధన కింద పరిహారం ఏ విడత ఎప్పుడు ఇచ్చారు. పేర్లు అడగొద్దు. అడగకపోతే వ్యక్తిగత సమాచారం అనే సాకు సగం పోతుంది. మొదటి రెండూ జిల్లా ఎస్పీకి, రైల్వే పట్టణమైతే రైల్వే పోలీసు ఎస్పీకి కూడా విడిగా పంపాలి. చివరి రెండూ కలెక్టరేట్‌కు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. దర్యాప్తుకు అడ్డం అని 8(1)(హెచ్) చూపిస్తే, దర్యాప్తు నడుస్తోందన్న ఒక్క మాట చాలదని, ఎలా అడ్డమో చెప్పాలని 2007లో భగత్ సింగ్ కేసులో ఢిల్లీ హైకోర్టు అన్న సంగతి గుర్తుచేయాలి.

మనకు కూడా ఒక కట్టుబాటు ఉండాలి. థీసిస్‌లోనో వ్యాసంలోనో బాధితుల పేర్లు, ఊరిని బట్టి గుర్తుపట్టే వివరాలు రాయకూడదు. లైంగిక హింస కేసుల్లో అలా రాయడం నేరం కూడా. నిర్దోషిగా విడుదలైన మనిషిని నిందితుడని రాయకూడదు. సంఘటన నాటికి 18 నిండని పిల్లల రికార్డు జోలికి పోకూడదు. 2015 బాలల న్యాయ చట్టం 24వ సెక్షన్ సాధారణంగా ఆ రికార్డునే నాశనం చేయమంటోంది. ఆ కుర్రాడి విషయంలో మేం మొదట లెక్కేసింది వాడి వయసే.

ప్రభుత్వాలను అడగాల్సింది కూడా పెద్దదేమీ కాదు. ప్రతి జిల్లా వెబ్‌సైటులో అత్యాచారాల కేసులకు ఒక పేజీ, పేర్లు లేకుండా, నెలనెలా. ఈ-కోర్ట్స్‌లో చట్టం పేరు దేశమంతటా ఒకేలా. నిర్దోషులుగా తేలినవాళ్ల పేర్లు పేరు-వెతుకులాటలో నుంచి తీసేయడం. ఖరగ్‌పూర్ వరకు ఇంకొకటి. 2020 డిసెంబర్‌లో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇచ్చింది. ఆ గుర్తింపు బోర్డుల మీదే ఆగిపోకుండా, ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకునే తెలుగు మనిషికి అందులో ఏముందో తెలుగులో చదివి వినిపించేదాకా రావాలి.

మా కుర్రాడి సంగతి చెప్పి ముగిస్తాను. వాడి సంఘటన నాటికి 18 దాటాయి, కాబట్టి ఫారంలో రాయాల్సిందే. ఐదో రకం స్పెల్లింగ్‌లో దొరికిన కేసు పక్కన “ముగిసింది” అని మాత్రమే ఉంది. శిక్షా, విడుదలా అన్నది లేదు. కంసావతి దాటి మేదినీపూర్ వెళ్లి, అర్జీ పెట్టి, నకలు తెచ్చుకున్నాక తెలిసింది, వాణ్ణి వదిలేశారని. ఆ మాట వాడికి ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లూ తలమీద కేసుందేమో అనుకుంటూ రైల్వే పరీక్షలు కొన్నింటికి దరఖాస్తే పెట్టలేదట.

ఫారంలో “ఉంది, ముగిసింది, నిర్దోషి” అని రాసి, నకలు జత చేశాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి అడిగాడు. “మా నాన్నని ఆ ఏడు కొట్టినోళ్ల మీద కేసు పెట్టాం కదా అక్కా, అది కూడా ఇలాగే చూడొచ్చా?”

చూడొచ్చు తమ్ముడూ అన్నాను. ఆ కేసు కోసం ఇంకా వెతుకుతున్నాం.